ఎడమవైపు లాగుడు

పెదవుల మధ్య ఏదో ఒకటి పట్టుకోనిదే ఆ టైలరుకి చెయ్యాడదు. కుట్టుమిషను ముందు గుండుసూదులు, ఫోమ్ విమానం ముందు స్క్రూలు. రెండు మోటార్ల ఆ రిమోటు విమానం చనిపోయిన తమ్ముడు చేసింది. ఎడమ మోటారు మొదటినుంచీ నీరసం. ఎగిరితే ఎడమకే లాగేది. "వంకర నాది, దిద్దుకోవడం నీది అన్నయ్యా," అని నవ్వేవాడు తమ్ముడు. ఏళ్ళ తరబడి ఆయన బొటనవేలు రిమోటు పుల్లని కుడివైపు నొక్కిపట్టి దాన్ని నడిపింది.

ఈమధ్య ఆ మోటార్లు రెండూ కాలిపోతే కూతురు కొత్తవి, బ్రష్‌లెస్‌వి, తెచ్చింది. కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చుకుని, ఒక్కోదానికీ మూడేసి వైర్లు, గుండీ కుట్టినంత ఓపిగ్గా టంకం పెట్టాడు. ఒక మోటారు వెనక్కి తిరిగితే దాని వైర్లలో రెండింటిని అటూ ఇటూ మార్చాడు. సాయంత్రం మైదానంలో విమానం లేచింది. లేస్తూనే కుడికి తిరిగిపోయింది.

"ఎక్కడ తప్పు చేశానే?" అన్నాడు కంగారుగా.

కూతురు ఆకాశంకేసి కాదు, ఆయన చేతులకేసి చూసింది. "అది ఎటూ లాగట్లేదు నాన్నా. నువ్వే తోస్తున్నావు."

ఆయన తన బొటనవేలిని పరాయివాడి వేలిని చూసినట్టు చూసుకున్నాడు. "అయితే వాడు లాగడం మానేశాడన్నమాట," అన్నాడు మెల్లిగా.

వేలు సడలించాడు. విమానం తిన్నగా వెళ్ళిపోయింది.