ఫుట్‌బోర్డు మీద ఐజాక్ సారు

ఐజాక్ సారుకు ఒకటే జబ్బు. ఎవరేం చెప్పినా "ఇందులో దాగిన ఊహ ఏది?" అని అడుగుతాడు. కళ్యాణదుర్గంలో పోటీ పరీక్షలకు రీజనింగ్ చెప్తాడులెండి. ప్రతి మాట వెనకా, చెప్పకుండానే నిజమనుకున్న సంగతి ఒకటుంటాదంట. అది పట్టుకుంటే మార్కు. క్లాసులో పట్టుకుంటే సరే, ఈయన ఊరంతా పట్టుకుంటాడు.

నేను ఆయన దగ్గర పన్నెండు రోజులు చదివి మానేసినాను. అంత వేగంగా మానేసినోడు జిల్లాలోనే లేడు. చెప్పడానికి పోతే, "మానేస్తానంటాండావు. దాగిన ఊహ?" అన్నాడు.

"తెలీదు సార్."

"ఇన్నాళ్లూ చదివినావని!"

ఒక పెండ్లిలో "అందరూ భోంచేసి పోండి" అంటే, "అన్నం చాలుతాదనే ఊహ దాగుండాది" అన్నాడు. పెండ్లికొడుకు నాయన బెదిరిపోయి ఇంకో మూడు మూటల బియ్యం వండించినాడు. వారం రోజులు ఊరంతా చిత్రాన్నమే. ఒట్టు.

అసలు గోల సాయంత్రం ఐదింటి కంబదూరు బస్సు దగ్గర. అదే ఆఖరు బస్సు. లోపల మేం ఉడికిపోతాంటాం. కండక్టరు ఓబిలేష్ విజిల్ నోట్లో పెట్టగానే ఫుట్‌బోర్డు మీద సారు కాలు పడతాది.

"ఏమప్పా ఓబిలేషూ, బస్సు ఐదుకు పోతాదంటివే. దాగిన ఊహ?"

"మీ కాళ్లు పట్టుకుంటా, వదలండి సారూ."

"కాళ్లు పట్టుకుంటే వదుల్తాననే ఊహ!"

"పాలు పిండే పొద్దాయె, నా ఎనుము అరుస్తాంటాది, పోనీయండప్పా!" అని వెనకనుంచి అక్కమ్మ. డ్రైవరు హారన్ మీద హారన్. పావుగంట గోవిందా. అంతలో ఈశ్వరి ఉరుక్కుంటా వచ్చి ఎక్కుతాది. పొద్దున సారు దగ్గర చదువు, ఐదింటిదాకా బట్టల అంగట్లో పని. ఒక్కరోజు బస్సు తప్పినా చదువు మాన్పిస్తానన్నాడంట వాళ్ల నాయన. అదృష్టవంతురాలు, రోజూ బస్సు లేటే అనుకునేవాణ్ణి.

మొన్న సోమవారం సారు రాలేదు. గొంతు పోయిందంట. బస్సంతా పండగ. ఐదు కొట్టగానే విజిల్. బజారు దాటుతా వెనక్కి చూస్తే చెప్పులు చేతబట్టుకుని ఈశ్వరి పరుగు. బస్సు రేకు మీద ఒక్కటి బాదినాను. ఆ దెబ్బకు బస్సు ఆగడం కాదు, రెండడుగులు వెనక్కి పోయింది.

ఆయాసపడతా ఎక్కింది. "సారు రాలేదా అన్నా?"

"గొంతు పోయిందంట. రేపు కూడా బస్సెక్కడులే."

"సారు బస్సెక్కడమేంది? ఆయన ఇల్లు ఈడే, స్టాండు వెనకాల!"

ఏడాదిగా, ఈశ్వరి ఎక్కగానే కాలు తీసేసి ఆయన ముందు డోరులో ఎక్కి కూచుంటాడనే అనుకున్నాం మేమంతా.

"సారుకు టికెట్టు కొట్టలేదా నువ్వు?" అన్నాను ఓబిలేష్‌తో.

"అడిగితే అందులోనూ ఊహ అడుగుతాడని అడగలేదప్పా!"

మరునాడు ఐదింటికి ఫుట్‌బోర్డు మీద నా కాలు పెట్టినాను.

"ఓబిలేషన్నా, బస్సు పోతాదంటావు. దాగిన ఊహ?"

ఓబిలేష్ విజిల్ తీసి జేబులో వేసుకున్నాడు. "ఎక్కాల్సినోళ్లంతా ఎక్కినారని. ఆ పాప ఇంకా రాలేదు. పోయి కూచో."

పన్నెండు రోజుల చదువుతో నేను పాస్ చేయించిన మొదటి శిష్యుడు ఓబిలేషే.