గాలాడే గౌను

ఆమె రొట్టెల బట్టీలో పనిచేస్తుంది. మండుటెండల్లో పెళ్లి కుదిరింది. పిన్నిని వెంటబెట్టుకుని పెళ్లిబట్టల కొట్టుకెళ్లి, తన స్తోమతకు తగ్గ పెళ్లిగౌను చూపించమంది. కొట్టు యజమానురాలు నైలాన్‌ది ఇచ్చింది. తొడుక్కుని అద్దం ముందు నిలబడేసరికే వీపంతా తడిసిపోయింది.

"పలచటి నూలుది లేదా?"

"ఉంది గానీ, ఆ ధర మీకు అందదమ్మా."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. "రోజూ పొయ్యి ముందు ఉడికేదాన్ని, పెళ్లినాడూ ఉడకాలా? గాలాడే బట్ట డబ్బున్నవాళ్లకేనా?" అని, గౌను విప్పి బల్లమీద పడేసి వచ్చేసింది.

"నేను కుడతాలేవే," అంది పిన్ని. దుప్పట్లమ్మే చోట తెల్లటి నూలుబట్ట కొని, నాలుగు రోజుల్లో కుట్టేసింది.

పెళ్లిలో ఒళ్లు చల్లగానే ఉంది. ఆ యజమానురాలి మాట గుర్తొస్తే మాత్రం ఇప్పటికీ పళ్లు కొరుకుతుంది.