ఎల్బీనగర్ల నా మోకాళ్లు బాగైన కథ

రాస్తున్నవా స్వీటీ? రాయి. శనివారం పొద్దుగాల తొమ్మిదింటికి దిల్‌సుఖ్‌నగర్ల మెట్రో ఎక్కినం. నేను, మీ తాత చెల్లె సువార్త. ఎందుకు పోయినమో ముందు చెప్పాలె, లేకుంటే చదివేటోళ్లకు తెల్వది.

సువార్త షుగర్ గోలీలు బంద్ చేసింది. ప్రార్థన నూనె రాసుకుంటే షుగర్ పోయిందని ఎవరో ఒకామె సాక్ష్యం చెప్పిన వీడియో చూసిందట. ఇప్పుడేమో కండ్లు తిరుగుతున్నయంటది. నేను కూడా ప్రభువును నమ్మినదాన్నే, అట్ల జరగదని ఎట్ల అంటా? అందుకే ఒప్పందం చేసుకున్నం. ఎల్బీనగర్ల స్వస్థత కూడికకు ఆ షుగర్ పోయినామె వస్తదంట. కండ్లార చూద్దాం. నిజమైతే నేను నోరు మూసుకుంట. కాకుంటే సువార్త గోలీ మింగాలె. గోలీ నా పర్సుల పెట్టుకున్న.

పోయేటోళ్లకు చెప్తున్న, మెట్రోల ముసలోళ్ల సీట్లల్ల కాలేజీ పోరగాళ్లు కూసుంటరు. ముందల నిలబడి మోకాలు పట్టుకొని ప్రభువా అనండ్రి, లేస్తరు. ఎల్బీనగర్ ఆఖరి స్టేషన్, దిగుడు మరుస్తమన్న పరేషాన్ లేదు.

ఫంక్షన్ హాల్ల కుర్చీలకు ఇంకా పెండ్లి రిబ్బన్లే ఉన్నయ్. పక్కామెను అడిగిన, "షుగర్ పోయినామె ఏది?"

"నేనూ ఆమె కోసమే వచ్చిన. మా కోడలి ఫోన్ల చూసిన."

ఆమె పక్కామె తుర్కయంజాల్ల తోటికోడలి ఫోన్ల చూసిందట. వరుసంత అడిగిన. అందరి ఫోన్లల్ల ఉన్నది, హాల్ల మాత్రం లేదు.

పదకొండు దాటింది. పొద్దుగాల తాగిన చాయ్ ఊకుంటలేదు. బాత్రూంకు పోయొస్తనని సువార్తకు చెప్పి లేసిన. గప్పుడే విజయవాడ దిక్కు నుంచి వచ్చిన పాస్టరుగారు కండ్లు మూసుకొని, "మోకాళ్ల నొప్పులతో బాధపడే ఒక తల్లి లేచి నిలబడుతోంది" అన్నరు. చూస్తే నిలబడ్డది నేనొక్కదాన్నే. వాలంటీర్లు చెరో రెక్క పట్టుకొని స్టేజీ మీదికి తీస్కపోయిండ్రు. బాత్రూం ఇంకో దిక్కు.

"నడిచి చూపించండమ్మా."

ఉరికినట్టే నడిచిన. అంత తొందరున్నది మరి. హాలంత హల్లెలూయ. "బాత్రూం ఎటయ్యా" అన్న, డ్రమ్ముల మోతల నా మాట నాకే వినబడలే.

తర్వాత బగారన్నం పెట్టిండ్రు. ఉప్పు తక్కువ. రెండింటికి తిరుగు మెట్రో ఎక్కినం. ఎదురుంగ కూసున్న పిల్ల ఫోన్ చూస్తది, నన్ను చూస్తది.

"మీరేనా అమ్మమ్మా? మా అమ్మ మోకాలి ఆపరేషన్‌కు భయపడుతోంది, ఈ వీడియో ఇప్పుడే పంపాను."

నేను స్టేజీ మీద నడిచింది ఫోన్ల చూపించింది. నాకే నమ్మబుద్ధయింది. "ఆపరేషన్ చేయించు బిడ్డా, నేను బాత్రూంకు ఉరికిన" అన్న.

"మిమ్మల్ని మీరు ఎంత తగ్గించుకుంటారండీ" అన్నది ఆ పిల్ల.

సువార్త కండ్లు తుడుచుకుంటది. "నువ్వే సాక్ష్యమైతివి వదినా."

"నీకు చెప్పే లేసిన గదనే, బాత్రూంకని."

"చెప్పినవ్. కానీ సరిగ్గ గప్పుడే నిన్ను లేపిందెవరు?"

చాయ్ అంటే కొట్లాటకొస్తది. చైతన్యపురి దాటింది. మల్ల కండ్లు తిరుగుతున్నయని ఆమె తల పట్టుకున్నది. పర్సుల నుంచి గోలీ తీసి అరచేతుల పెట్టిన.

"షుగర్ పోయినామె అబద్ధమైతేనే గదా వదినా, ఒప్పందం?"

"ఒప్పందం పక్కకు పెట్టు. నేను ఇస్తున్న, నిజమే. సరిగ్గ గిప్పుడే నాతోని ఇప్పిస్తున్నది ఎవరు?"

సువార్త అన్నం ముందు చేసినట్టు కండ్లు మూసుకొని గోలీకి ప్రార్థన చేసింది. ఆమెన్ అని మింగింది, నీళ్లు లేకనే. మెట్రోల తాగనియ్యరు గద.

నిజం తెలిసిందా అంటే, తెల్వదు. నేను నడిచిందైతే నిజమే. దిల్‌సుఖ్‌నగర్ల లిఫ్ట్ కాడ మంది ఉంటే మెట్లు దిగినం. సగంల మోకాలు పాత తీర్గనే పట్టేసింది. సువార్త నా చెయ్యి పట్టుకొని ఒక్కొక్క మెట్టు దింపింది.

"ఇది శోధన వదినా, ప్రభువు పరీక్ష పెడుతున్నడు, నమ్మకం విడవకు" అన్నది.

విడవలే. రేపటి గోలీ గూడ పర్సుల పెట్టుకున్న.