వాఫిల్ తలనీలాలు

ఇంగ్లండ్‌లోని నార్తాంప్టన్‌లో మల్లికార్జున ఇంటికి టీకి వెళ్లి, ఆ కుక్క పురాణం వినకుండా బయటపడ్డ తెలుగువాడు ఇంతవరకూ లేడు. ఉన్నాడని ఎవరైనా అంటే, వాడు ఆ ఇంటి తలుపు తట్టనేలేదని అర్థం. బూట్లు విప్పేలోపే మొదలయ్యేది.

"ఇది మామూలు కుక్కనుకున్నారా? సగం పూడిల్, సగం కాకర్ స్పానియల్. కాకపూ అంటారు. తెలివి పూడిల్‌ది, ప్రేమ స్పానియల్‌ది. అన్నిటికన్నా గొప్ప సంగతి, ఒక్క వెంట్రుక రాలదు. కావాలంటే సోఫా మీద తెల్ల పంచె పరిచి చూసుకోండి."

పక్క వీధిలో ఉండే రాజారావు, ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే తెనాలి మనిషి, బిస్కెట్ టీలో ముంచుతూ అడిగేవాడు. "తెలివి దాన్నుంచీ ప్రేమ దీన్నుంచీ వచ్చాయి, సరేనయ్యా. మరి ఆ తిండి ఎవర్నుంచి వచ్చింది?"

"అది మా ఆవిడ తరఫు," అనేవాడు మల్లికార్జున, వంటగది వైపు చూసి గొంతు తగ్గించి.

కిరణ్మయి గొంతు తగ్గించకుండానే జవాబిచ్చేది. "మీ తరఫు నుంచి జుట్టు రాలేదు, దానికి సంతోషించండి."

మల్లికార్జునది నున్నటి గుండు. సగం పెళ్లికి ముందు పోయిందనీ, మిగిలిన సగం కాపురంలో పోయిందనీ అతనే చెప్పుకునేవాడు. ఓ రోజు అబింగ్టన్ పార్కులో ఎండకు నిలబడి ఉంటే, కింద చెరువుందనుకుని రెండు బాతులు అతని నెత్తిమీద దిగబోయాయని రాజారావు చెబుతాడు. ఆ ఊళ్లో ఎండ కాయడమే పెద్ద అబద్ధం కాబట్టి, బాతుల సంగతి ఎవరూ గుచ్చి అడగలేదు.

కుక్క పేరు వాఫిల్. పేరు పెట్టింది కూతురు వర్షిత. ఐదేళ్లప్పుడు నరసరావుపేట నుంచి తల్లి కొంగు పట్టుకుని వచ్చిన పిల్ల, ఇప్పుడు తొమ్మిదేళ్లకు అచ్చం నార్తాంప్టన్ పిల్లలా మాట్లాడుతుంది. తెలుగులో తిడితే అర్థమవుతుంది, ఇంగ్లీషులో ఎదురు చెబుతుంది. కోవెంట్రీ అవతల ఒక పొలం ఇంట్లో కుక్కపిల్లల్ని అమ్మే ఆవిడ దగ్గర కొన్నారు దాన్ని. ఆవిడ చెప్పినదంతా మల్లికార్జున ఉపదేశంలా చెవిన వేసుకున్నాడు. వెంట్రుక రాలదు, తుమ్ములు రావు, అరవదు, చెప్పిన మాట వింటుంది, పిల్లలతో పిల్లలా ఉంటుంది.

పిల్లలతో పిల్లలా ఉండటం ఒక్కటే నిజమైంది. కిరణ్మయికి తుమ్ములు మొదటి వారమే పట్టుకున్నాయి. ఇంట్లో ఎవరూ లేకపోతే అది ఎత్తుకునే రాగానికి వీధి చివర కార్ల అలారాలు వంతపాడేవి. పూడిల్ తెలివి మాత్రం వచ్చింది, కాదనకూడదు. ఫ్రిజ్ తలుపు తీయడం మూడు రోజుల్లో నేర్చుకుంది. గోంగూర పచ్చడి సీసా కింద పడేసి, నాకి, ఆ మంటకు గిన్నెడు నీళ్లు తాగి, స్నానాల తొట్టెలో నీళ్లు తాగి, ఆ సాయంత్రం వాకింగ్‌కి తీసుకెళ్తే నేన్ నది దగ్గర వంగింది. మర్నాడు నది మట్టం జానెడు తగ్గిందంటారు. స్పానియల్ ఒంట్లోంచి వచ్చిన పరుగు సంగతి అడక్కండి. పొద్దున గంట, సాయంత్రం గంట తిప్పితే గానీ సోఫా దిండ్లు ప్రాణాలతో మిగిలేవి కావు.

కుక్కలకు జుట్టు కత్తిరించే దుకాణంలో డెబ్బీ అనే పెద్దావిడ మొదటిసారే చెప్పింది. ఇలాంటి కలగలుపు కుక్కల్లో ఒకే కాన్పులో పుట్టిన వాటికే ఒకదానికి ఉంగరాలు, ఒకదానికి సాఫీ జుట్టు వస్తుందట, పెద్దయ్యాక ఏది ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేరట. దీనిది దట్టమైన ఉంగరాల జుట్టు. ఊడిన వెంట్రుక నేల మీద పడదు, లోపలే ఉండిపోయి చిక్కు పడుతుంది. రోజూ చర్మం దాకా దువ్వాలి. ఆరేడు వారాలకోసారి కత్తిరించాలి.

"పైన దువ్వితే చాలదా?" అన్నాడు మల్లికార్జున.

"చాలదు. పైన మెత్తగానే ఉంటుంది, అడుగున కంబళిలా గట్టిపడుతుంది."

అతను తల ఊపి వచ్చేశాడు. ఇంటికొచ్చి, "రాలని జుట్టుకి దువ్వెనెందుకే, వ్యాపారం కోసం చెబుతారు అవన్నీ," అన్నాడు. అయినా వేళకు కత్తిరింపుకు తీసుకెళ్లేవాడు కాబట్టి అప్పట్లో ఏ ఇబ్బందీ రాలేదు.

వచ్చింది ఉద్యోగం దగ్గర. నాలుగేళ్లుగా అతను సాఫ్ట్‌వేర్ పరీక్షలు చేస్తున్న కంపెనీవాళ్లు ఒక మంగళవారం స్క్రీన్ మీదకి పిలిచి, స్టవ్ మీద టీ పొంగేలోపు ఉద్యోగం లేదని చెప్పి ముగించేశారు. వీసా ఆ కంపెనీ పేరు మీదే ఉంది. వీసావాళ్లు ఇచ్చే గడువులోగా స్పాన్సర్ చేసే ఇంకో కంపెనీ దొరక్కపోతే ఇంటిల్లిపాదీ దేశం వదలాలి. ఇంకొక్క ఏడాది నిలబడితే ఎవరి దయా అక్కర్లేకుండా అక్కడే ఉండిపోవచ్చు. ఆ ఒక్క ఏడాదే చేతిలోంచి జారిపోతోంది.

ఆ సాయంత్రం మల్లికార్జున నీళ్లు కాచే బాయిలర్ ఉన్న అలమర పక్కనున్న దేవుడి అర ముందు నిలబడ్డాడు. వాళ్ల వంశంలో కష్టం వస్తే ఒకటే దారి. ఏడుకొండలవాడికి తలనీలాలు మొక్కుకోవడం, పని అయ్యేదాకా కత్తెర తగలనివ్వకపోవడం. తండ్రి మొక్కాడు, తాత మొక్కాడు. అతను చెయ్యి పైకెత్తి నెత్తి తడుముకున్నాడు. మొక్కుకోవడానికి అక్కడ ఏముంది?

సరిగ్గా అప్పుడే వాఫిల్ వచ్చి పాదాల మీద గడ్డం ఆనించి పడుకుంది.

"స్వామీ, ఉద్యోగం వచ్చేదాకా దీని ఒంటిమీద కత్తెర పడనివ్వను. వచ్చాక ఈ జుట్టంతా నీ కొండకు తెస్తాను," అన్నాడు గట్టిగా.

కిరణ్మయి చేతిలో గరిట ఆగిపోయింది. "ఏవండీ, మతి గానీ పోయిందా? దేవుడికి కుక్క జుట్టా? లెంపలు వేసుకోండి."

"ఆయనకి మనిషేమిటి, కుక్కేమిటి. నేను పెంచుతున్నదేగా?"

"మొక్కు మీది, మోసేది అదా?"

"మాట జారింది. ఇక వెనక్కి తీసుకోకూడదు."

మొదట్లో అందరికీ వేడుకగానే ఉంది. జుట్టు పెరిగింది. పెరిగి పెరిగి ముందేదో వెనకేదో తెలియకుండా పోయింది. పక్కింటి ముసలాయన తోకకి బిస్కెట్ పెట్టి, తినడం లేదేమని బెంగపడ్డాడు. వానలో తిప్పుకొస్తే అది పీల్చిన నీటితో హాల్లో కార్పెట్ తడిసి, ఆరడానికి ఇంకో వాన దాకా పట్టేది. రాజారావు వచ్చినప్పుడల్లా, "ఏమయ్యా, గొర్రెల బేరం ఎప్పుడు మొదలెట్టావు?" అనేవాడు. మల్లికార్జున నవ్వి, "ఎంత పెరిగితే అంత పెద్ద ఉద్యోగం," అనేవాడు.

ఉద్యోగం మాత్రం పెరగలేదు. అప్లికేషన్లు పెట్టాడు, పెట్టిన చోటల్లా స్పాన్సర్ మాట రాగానే గొంతులు చల్లబడ్డాయి. కిరణ్మయి ముసలివాళ్లని చూసుకునే కేర్ హోమ్‌లో దొరికిన షిఫ్టల్లా చేస్తూ, డ్యూటీల పట్టీ చూసుకుని నిద్రపోయేది. ఆవిడ వీసా కూడా అతనిదానికే ముడిపడి ఉంది. అతను పొద్దునా సాయంత్రం వాఫిల్‌ని తిప్పడమే పనిగా పెట్టుకున్నాడు. పైపైన దువ్వేవాడు. పైన మెత్తగానే ఉండేది.

కొన్నాళ్లకి వాఫిల్ పరుగు మానేసింది. మెట్లు ఎక్కమంటే కింద కూర్చుని చూసేది. చెవి దగ్గర చెయ్యి పెడితే పళ్లు చూపించేది. అంతకుముందు పళ్లు చూపించడం దాని ఒంట్లోనే లేదు.

"షీ ఈజ్ హర్టింగ్, నాన్నా," అంది వర్షిత. "ఆర్మ్‌పిట్స్ దగ్గర అంతా టైట్‌గా ఉంది. ప్లీజ్ కట్ ఇట్."

"ఇంకొంచెం ఓపిక పట్టు తల్లీ. కోవెంట్రీ కంపెనీవాళ్లు ఇంటర్వ్యూకి రెండోసారి పిలిచారు."

"వాళ్లకీ వాఫిల్‌కీ ఏంటి?"

అతను ఫోన్ తీసి వాళ్ల మెయిల్ మళ్లీ చూసుకున్నాడు. మొక్కు మీద నమ్మకం కాదది ఇప్పుడు. కంపెనీలు కాదంటూ పోయిన కొద్దీ, ఆ జుట్టొక్కటే ఇంకా తెగకుండా ఉన్నదనిపించేది. అది తెగిన మర్నాడు కోవెంట్రీ నుంచి రాదన్న కబురు వస్తే, ఆ కత్తెర పట్టింది తనే అవుతాడు. కార్ల సాఫ్ట్‌వేర్ చేసే ఆ కోవెంట్రీ కంపెనీలో మూడో ఇంటర్వ్యూ కూడా అయింది. మేనేజర్ నవ్వుతూ చెయ్యి కలిపాడు. వారం చివర్లో చెబుతామన్నారు. గడువు దగ్గరకొచ్చేసింది. ఇక ఆ ఒక్క కంపెనీయే మిగిలింది.

గురువారం పొద్దున వాఫిల్ లేవలేదు. గిన్నె దగ్గరికి తెచ్చి పెట్టినా తినలేదు. దాని దగ్గర వాసన వేస్తోంది. వర్షిత స్కూలుకి వెళ్లనని గుమ్మంలో కూర్చుంది. కిరణ్మయి షిఫ్ట్‌కి వెళ్తూ కోటు గుండీలు పెట్టుకుని, భర్త వైపు చూడకుండా అంది. "వెట్ దగ్గరికి తీసుకెళ్లండి. మొక్కు తప్పిన పాపం ఏదైనా ఉంటే నా నెత్తిన వెయ్యండి. నా నెత్తిమీద జుట్టుంది."

వెట్, అంటే ఆ పశువుల డాక్టరు, చిన్న వయసు అమ్మాయి. పొట్ట కింద వేళ్లు పెట్టి చూసింది, చెవుల వెనక చూసింది. పైన కనిపించే మెత్తటి జుట్టు కింద, మెడ నుంచి తోక దాకా ఒకటే దట్టమైన పొర. అది బిగిసి చర్మాన్ని లాగేస్తోంది. అడుగు వేసినప్పుడల్లా లాగుతోంది. లోపల పుళ్లు పడ్డాయి. ఒక చెవికి నెత్తురు సరిగా ఆడటం లేదు.

"మత్తిచ్చి మొత్తం తీసేయాలి. ఇవాళే. మీరు సరేనంటే ఇప్పుడే మొదలుపెడతాం."

"శనివారం తీసుకొస్తాను," అన్నాడు మల్లికార్జున.

"శనివారం ఎందుకు?"

ఏడుకొండలు, తాత, గుండు, కోవెంట్రీ. ఇంటికొచ్చిన ప్రతివాడికీ గంటలు గంటలు కథలు చెప్పిన మనిషికి, ఇది ఆ గదిలో చెప్పడానికి ఒక్క వాక్యం దొరకలేదు. "మా ఆచారం ఒకటుంది," అన్నాడు.

"దానికి నొప్పి ఇవాళ ఉంది," అంది ఆ అమ్మాయి మెల్లగా. "మీరు వద్దంటే నేను ఊరుకోలేను. జంతువుల్ని కాపాడే అధికారులకి చెప్పాల్సి ఉంటుంది. అలా చేయించకండి."

"ఐదు నిమిషాలు ఆలోచించుకుంటాను."

బయట హాల్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. పక్కన వర్షిత. ఎదురుగా ఒకావిడ ఒళ్లో బుట్ట, బుట్టలో పిల్లి. అతను ఆలోచించింది కుక్క గురించి కాదు. శనివారం దాకా బతిమాలుకోవడం ఎలాగా, ఇంకో వెట్ ఎవరైనా ఉన్నారా, ఇంటికి తీసుకుపోతే ఏం చేస్తారు అని. ఫోన్ జేబులో వణికింది.

కోవెంట్రీ వాళ్ల మెయిల్. అందరిలోకీ అతనే నచ్చాడట. అతనితో మాట్లాడటం ఎంతో సంతోషమట. అయితే ఆ ఉద్యోగానికి వీసా స్పాన్సర్ చేయడం ఈ ఏడు తమ వల్ల కాదని పైనుంచి తేల్చారట. ముందు ముందు మంచి జరగాలని కోరుకున్నారు.

అతను ఫోన్ జేబులో పెట్టుకుని లేచాడు. లోపలికి వెళ్లి, "కత్తిరించండి," అన్నాడు.

తిరిగొచ్చి కూర్చునేటప్పటికి వర్షిత అతని ముఖంలోకి చూస్తోంది.

"దే సెడ్ నో, కదా?"

"అవునమ్మా."

"అందుకే కట్ చేయమన్నావు. వాళ్లు నో అన్నారని."

"అది కాదు తల్లీ."

"వాళ్లు ఇంకా ఏమీ చెప్పకపోతే?"

బాతుల కథ కల్పించిన రాజారావు పక్కనున్నా ఆ ప్రశ్నకి జవాబు అందించగలిగేవాడు కాదు. పిల్లి ఉన్నావిడ మర్యాదగా అటు తిరిగింది.

లోపల మెషిన్ మోత చాలాసేపు వినిపించింది. తర్వాత నర్సు వచ్చి, జుట్టు అట్టలాగా ఒకే ముక్కగా వచ్చేసిందని, ఎప్పుడూ ఇంత చూడలేదని చెప్పింది. చూస్తారా, ఉంచుకుంటారా అని అడిగింది. ఫలించని మొక్కుకి పెంచిన జుట్టు. కొండకి పట్టుకెళ్లడానికి లేదు, పారేయమనడానికి నోరు రాలేదు. అతను చేత్తో వద్దన్నట్టు చూపించాడు. ఆవిడ వెళ్లిపోయింది.

మత్తు పూర్తిగా దిగకముందే వాఫిల్‌ని తీసుకొచ్చారు. అది అంత చిన్న కుక్క అని వాళ్లు మరిచిపోయారు. గులాబీ రంగు చర్మం, అక్కడక్కడా మందు రాసిన పుళ్లు, పక్కటెముకలు. ఒక చెవి ఉబ్బి, కట్టు కట్టి ఉంది. దాని చివర నిలుస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు. వణుకుతోంది. మల్లికార్జున వంగి తల నిమరబోయాడు. చెయ్యి ఇంకా తగలకముందే అది ఒళ్లంతా ముడుచుకుని వర్షిత చంకలోకి తల దూర్చేసింది.

"చలికి," అన్నాడు అతను.

వర్షిత తన స్కూలు కార్డిగన్ విప్పి దానికి చుట్టింది.

రిసెప్షన్‌లో కుర్రవాడు స్క్రీన్ చూస్తూ అడిగాడు. చెవి, చర్మం ఇంకోసారి చూడాలి, జుట్టు మళ్లీ ఎలా వస్తుందో కూడా చూడాలి, ఆరు వారాల తర్వాత ఒక అపాయింట్‌మెంట్ వేయమంటారా?

ఆరు వారాల తర్వాత వాళ్లు ఆ దేశంలో ఉండరు. ఆ సంగతి మల్లికార్జునకి తెలుసు. కుక్కను చేతుల్లో పట్టుకుని పక్కన నిలబడ్డ వర్షితకీ తెలుసు. ఇంకా వాఫిల్‌ని ఎవరికివ్వాలో, చెయ్యి కనబడితే ముడుచుకుపోయే కుక్కని ఎవరు తీసుకుంటారో ఇంట్లో ఎవరూ మాట్లాడుకోలేదు.

"పొద్దున పూట ఉందా?" అన్నాడు అతను.

"పదిన్నరకి ఉంది."

"పదిన్నర మాకు బాగా కుదురుతుంది," అన్నాడు మల్లికార్జున. తన పేరు అక్షరం అక్షరం చెప్పి రాయించాడు.