కురమోచి గారి మొద్దు వేళ్ళు

టోక్యో కాందా పేటలోని మా పిల్లల మాసపత్రికలో కురమోచి గారు లెక్కల గుమాస్తా. ఆయనకు పేరొచ్చింది మాత్రం చేతకానితనం వల్ల. మధ్యాహ్నం తినే బెంటో డబ్బా మూట ముడి విప్పబోతే ముడి బాగానే ఉండేది, గుడ్డ చిరిగేది. కవరుకు బిళ్ళ అంటించమంటే బొటనవేలికి అంటించుకుని తపాలా ఆఫీసు దాకా వెళ్ళి వచ్చేవారు.

ఆ రోజుల్లో పిల్లలు పత్రిక కొనేది కథల కోసం కాదు, దాంతో వచ్చే కానుక కోసం. కట్టలు మోసే రైలువాళ్ళు కానుకలో కాగితం తప్ప మరేదీ ఒప్పుకునేవారు కాదు. అందుకని కాగితంతోనే కెమెరా, కాగితంతోనే గ్రామఫోను. వాటిని గీసేది నిషివాకి తజుకో అనే డిజైనరు, వంకర గీత కనిపిస్తే అన్నం సహించని మనిషి. ఆమె ఒక పద్ధతి పెట్టింది. కొత్త నమూనాను ముందు ఆఫీసులోకెల్లా మొద్దు చేతుల మనిషి చేసి చూడాలి. ఆయన చేయగలిగితే ఏ మూల పిల్లాడైనా చేయగలడు. ఆ మనిషి ఎవరన్న చర్చే జరగలేదు. అందరూ ఒకేసారి కురమోచి గారి వైపు తిరిగారు.

ఆయన దాన్ని సన్మానంగానే తీసుకున్నారు. నెలనెలా డిజైన్ గదిలో కిటికీ పక్క కుర్చీ ఆయనది. ఆయన ఎక్కడ చింపితే అక్కడ తజుకో కాగితం మందం పెంచేది, ఎక్కడ బిక్కమొహం వేస్తే అక్కడ బాణం గుర్తు గీసేది. గోడనిండా పోస్టర్లు, రంగుల వాసన, పనికిమాలిన కబుర్లు. తిరిగి లెక్కల గదికి వెళ్ళే రోజు ఆయన మొహం చూడలేకపోయేవాళ్ళం.

కొన్నేళ్ళకు ఒక వేసవి సంచికలో కాగితపు సినిమా యంత్రం ఇచ్చాం. కురమోచి గారు ఈల వేసుకుంటూ చేసేశారు. దేశంలో పిల్లలెవరికీ చేతకాలేదు. అకితాలో ఒక కుటుంబం తాతతో సహా కూర్చుని శ్రమిస్తే చివరికి చెప్పులాంటిదేదో తయారైందట. చేసిచేసి మా మొద్దు మనిషికి పనితనం వచ్చేసిందని తజుకోకు అనుమానం పట్టుకుంది.

కొత్త సంవత్సరం సంచికకు పిడి తిప్పితే తిరిగే ఓడరేవు దీపస్తంభం. ఇది సజావుగా చేస్తే కుర్చీ పోతుందని కురమోచి గారికి తెలుసు. అందుకే అంటించాల్సిన కాగితపు రెక్క ఒకటి చింపారు, జిగురు చొక్కాకు పూసుకున్నారు, కుంచె కింద పడేశారు. తజుకో చిరిగిన ముక్కను వెలుతురులో పెట్టి చూసింది.

"కురమోచి గారూ, ఇది మీరు చింపిన చింపు కాదు."

"నా చేతుల్లోనే చిరిగింది కదమ్మా."

"మడత వెంబడి ఎంత నీటుగా వచ్చిందో చూడండి. మీరు నిజంగా చింపిన రోజుల్లో ఎటు పోతున్నానో కాగితానికే తెలిసేది కాదు."

ఆయన జిగురు డబ్బాకు మూత బిగించి, "నన్ను అక్కడికి పంపేయకమ్మా. లెక్కల గదిలో నవ్వితే రశీదు అడుగుతారు," అన్నారు.

ఇంకో నమూనా తీసుకుని, టీ చల్లారకముందే స్తంభం నిలబెట్టి తిప్పి చూపించారు. చూడముచ్చటగా తిరిగింది. అందరం దిగులుపడ్డాం. ఇక ఎవరితో చేయించాలన్నది తజుకో బెంగ.

మొద్దుతనంలో ఇన్నాళ్ళూ తనకు పోటీ ఒక్కరేనని, భయపడి చెప్పలేదని ఆయన బయటపెట్టారు. మా యజమాని ఇసోగాయ్ గారు. ఆయన టై భార్య ముడేసి ఇస్తే, రాత్రి ముడి విప్పలేక ఉచ్చులాగే తీసి మేకుకు తగిలించేవారట. యజమానిని తీసుకొస్తే కుర్చీ తనదేనని బేరం పెట్టారు కురమోచి గారు. తజుకో ఒప్పుకుంది, పక్కన కూర్చుని నోరు మెదపకూడదన్న షరతుతో.

యజమానికి ఏం చెప్పారో తెలియదు, ఆయన మాత్రం పెళ్ళికొడుకులా చొక్కా చేతులు మడుచుకుంటూ వచ్చారు. కాసేపట్లో దీపస్తంభం ఆయన మోచేతికి అతుక్కుంది. తజుకో మొహం వెలిగిపోయింది. గబగబా బాణం గుర్తులు గీసుకుంటోంది.

"కురమోచీ, ఈ రెక్క ఇటా, అటా?" అన్నారు యజమాని.

కురమోచి గారు రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కిటికీ వైపు తిరిగారు.

"నాకేం తెలుసండీ, లెక్కల గదివాణ్ణి."