గుండు కింద జానెడు సందు

“ఆ గుండు దించుడే రూతక్కా. ఇంకో మాట లేదు.”

“దించితె రేపొచ్చే పిల్లలకు ఏం సూపిస్తవ్? నీ ఇనుప పట్టాలా?”

“ఉంచితె ఏం సూపిస్తవో గది చెప్పు. పలిగిన తలకాయలా?”

“ఎవని తలకాయ తగుల్తది? కూసున్నోని నెత్తికీ గుండుకూ నడుమ మూరెడు జాగ ఉంది. నేనే కొలిసిన.”

“కూసున్నోడు చేతులు లేపడా? కొండ రైలెక్కినోడు చర్చిల ప్రార్థనకు కూసున్నట్టు చేతులు కట్టుకొని కూసుంటడా?”

1993 ఏప్రిల్ నెలాఖరున ఒక సాయంత్రం ఉప్పల్ దగ్గరి ఒక ప్రైవేటు పార్కులో యాదగిరికీ నాకూ జరిగిన గొడవ ఇది. తెల్లారితే వేసవి సెలవుల పిల్లలకు కొత్త రోలర్ కోస్టర్ మొదలు. మేం దాన్ని కొండ రైలు అనేవాళ్లం. ముసలివాళ్లూ చంటిపిల్లల తల్లులూ కూడా ఎక్కగలిగేంత నెమ్మదిగా, తక్కువ ఎత్తులో నడిచే బండి. యాదగిరి మెకానికల్ సూపర్‌వైజరు. పట్టాలు, చక్రాలు, బ్రేకులు అతని చార్జి. వాటి చుట్టూ ఉన్న కొండ, గుహ, పైన నిలబెట్టిన పెద్ద గుండు నా చార్జి. మా వైపు బండ మీద నిలిచిన పెద్ద గుండ్రటి రాయిని గుండు అంటారు.

నేను చదివింది మూడో తరగతి, మిషను బడిలో. నాచారం పారిశ్రామికవాడలో బొమ్మల షెడ్డు ఒకటుండేది. పెళ్లి మండపాల స్తంభాలు, పార్కులకు బాతు పడవలు, ఊరేగింపు బండ్ల మీది బొమ్మలు అక్కడ తయారయ్యేవి. ఎనభై ఒకటిలో ఆ షెడ్డులో హెల్పరుగా చేరాను. హెల్పరు పని అంటే ఫైబరు బొమ్మలను గరుకు కాగితంతో రుద్దడం. హెల్పరు మీద అసిస్టెంటు మిస్త్రీ, ఆ పైన మిస్త్రీ. మిస్త్రీ గీత గీస్తే మిగతావాళ్లు ఆ గీత మీద పని చేస్తారు. పన్నెండేళ్లు రుద్దాక నేను మిస్త్రీనయ్యాను. ఆ షెడ్డులో అంతకు ముందు ఏ ఆడమనిషినీ మిస్త్రీ అని పిలవలేదు. ఆ పేరు నాకు ఈ కొండ వల్లే వచ్చింది. గుండు దిగితే పేరు కూడా దానితోనే దిగుతుందని ఆ సాయంత్రం నాకు తెలుసు.

కొండ నాకు ఎలా దక్కిందో చెప్పాలి. ఆటకు తొడిగే వేషాన్ని మా పనిలో థీమ్ అంటారు. పట్టాలూ బండీ ఎక్కడైనా ఒకటే. థీమును బట్టి అదే అడవి రైలవుతుంది, కోట రైలవుతుంది. పార్కు సేటు దగ్గర పై దేశపు బొమ్మల పుస్తకం ఒకటి ఉంది. అందులోని మంచు కొండ ఆయనకు నచ్చింది. అయితే రాబోయే ఆట గురించి పార్కు గోడ మీద పెట్టే బోర్డు రాయడానికి లాలాపేట పెయింటరును పిలిచినప్పుడు పుస్తకం చూపించలేదు. కొండ, గుహ, రైలు వెయ్యమని మాత్రం చెప్పాడు. పెయింటరు తనకు తెలిసిన కొండ వేశాడు. నల్ల బండలు, వాటి మీద ఆటో అంత గుండు, ఇప్పుడో ఇంకాసేపటికో దొర్లుతుందన్నట్టు. దాని కిందినుంచి రైలు. క్రిస్మస్‌కు ముందు కట్టిన ఆ బోర్డు వేసవి దాకా గోడ మీదే ఉంది.

ఆ నాలుగు నెలలూ ఆదివారం వచ్చిన పిల్లలంతా దాని ముందు నిలబడ్డారు. సేటు టికెట్ల కిటికీ దగ్గర ఒక డబ్బా పెట్టించి, కొత్త కొండ రైలు ఎలా ఉండాలో రాసి వెయ్యమన్నాడు. మంచును మెచ్చుకుంటారని ఆయన ఆశ. చీటీలు బిస్కెట్ల డబ్బా నిండా వచ్చాయి. ఒక్కరూ మంచు అడగలేదు. ఒక పిల్లవాడైతే, “మంచు మా ఫ్రిజ్‌లో ఉంది, కొండ కావాలి” అని రాశాడు. అందరూ అడిగింది గుండు. “గుండు కిందికి పోయేటప్పుడు భయం వెయ్యాలి.” “గుండు ఉత్తుత్తి బొమ్మ కావొద్దు.”

లాలాపేట నుంచి రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన ప్రతి ఆదివారం మనవరాలితో వచ్చేవారు. కంచె దగ్గర నిలబడి పని ఎంతవరకొచ్చిందని కాపలావాడిని నిలదీసేవారు. ఆ పిల్ల పేరు స్వర్ణ. తాతలాగే అంకెలు వేసి రాసింది. ఒకటి, గుహలో పెట్టే ఎలుగుబంటి బొమ్మ నవ్వొద్దు. రెండు, గుహలో చల్లగా ఉండాలి. మూడు, మా నానమ్మ కూడా ఎక్కాలి. నాలుగు, గుండు కింద సందు ఉండాలి, సందులోంచి ఆకాశం కనపడాలి.

సేటు డబ్బాను మా షెడ్డుకు పంపి, గుండు చెయ్యమన్నాడు. అంత కొండను ఫైబరుతో చేస్తే ఆయన మోయలేనంత ఖర్చు. మా షెడ్డు డిజైనరు చేతులెత్తేశాడు. అప్పుడు నేను నోరు తెరిచాను. మా చర్చిలో ఏటా క్రిస్మస్ పశువుల పాక వెనక కొండ కట్టేది నేనే. గోనె సంచులను గంజిలో ముంచి, ముడతలు పెట్టి కట్టెల మీద పరిచి, ఆరాక బొగ్గు పొడి అద్దితే అచ్చం బండలాగే ఉంటుంది. గంజికి బదులు సిమెంటు పాలు పొయ్యండి, కట్టెలకు బదులు ఇనుప చువ్వలు కట్టండి అన్నాను. డిజైనరు నవ్వాడు. సేటు నవ్వలేదు. ఒక బండ చేసి చూపించమన్నాడు. చేసి చూపించాను. ఆయన దాని మీద కాలు పెట్టి నిలబడి, కొండ చార్జి ఈమెకివ్వండి అన్నాడు. ఆ మాటకు ఆయనను ఈ రోజుకూ తలుచుకుంటాను.

పని వరస ఇది. చువ్వలతో గూడు కట్టాలి. దాని మీద కోళ్ల జాలీ బిగించాలి. గోనెను సిమెంటు పాలలో ముంచి జాలీ మీద పరచాలి. అది గట్టిపడ్డాక రెండో పొర, ఆపై మూడోది. ప్రతి పొరకూ తడి పెట్టాలి. సంచులు ఉప్పల్ బియ్యం దుకాణాల్లో చిరిగినవి అడిగి తెచ్చాం. రంగుకు బొగ్గు పొడి, ఎర్రమన్ను. గుండును విడిగా చేసి, పట్టాలకు అటూ ఇటూ లేపిన బండల మీద నాలుగు ఇనుప కాళ్లపై కూర్చోబెట్టాం. గుండుకూ బండకూ మధ్య అతుకు కనపడకుండా పూడ్చడానికి నాకూ, నా హెల్పరు ఎల్లమ్మకూ తొమ్మిది రోజులు పట్టింది. స్వర్ణ అడిగిన మొదటి మూడూ చేశాను. నాలుగోది పక్కన పెట్టాను. సందు ఉంటే వాన నీళ్లు లోపలికి పోతాయి. పని సగంలో వదిలేసినట్టు కూడా ఉంటుందనుకున్నాను.

నా తప్పు వేరే చోట జరిగింది. పట్టాల మీద ఎంత ఎత్తు వదలాలో యాదగిరి ముందే చెప్పాడు. నేను ఒట్టి చువ్వల గూటికి కొలిచాను. మూడు పొరల గోనె మందం, తడి బరువుకు కిందికి జారిన పొట్ట నా లెక్కలో లేవు. చర్చి కొండ కింద రైలు నడవదు కదా, ఆ లెక్క ఎప్పుడూ అవసరం పడలేదు.

యాదగిరి దగ్గర గేజు అని ఒక చెక్క చట్రం ఉండేది. బండిలో కూర్చున్న మనిషి చేతులు పూర్తిగా లేపినా, పక్కకు చాచినా ఎంత జాగా కావాలో అంత కొలత, దాని మీద ఇంకొంచెం. చట్రం అంచులకు సుద్దపొడి అద్దిన స్పాంజి. దాన్ని ముందు పెట్టెకు బిగించి, బండిని తాడుతో మెల్లగా చుట్టూ లాగుతారు. ఎక్కడ తెల్ల గీత పడితే అక్కడిది తీసెయ్యాలి. గుండు పొట్ట మీద నాలుగు వేళ్ల మందాన గీత పడింది. అక్కడే మా గొడవ మొదలైంది.

“కింద చెక్కేస్త,” అన్నాను.

“చెక్కితె జాలీ తీగలు బయిటికొస్తయి. గుండు కంటె గవే పాడు.”

“మస్తు మాటలు నేర్సినవ్ యాదగిరీ. ఒక్కసారి గేజు సూడనట్టు ఉండు.”

“అక్కా, నన్ను తిట్టు, పడ్త. గేజును తిట్టకు. రిజిస్టర్ల సంతకం నాది. నేను పెట్ట.”

సేటు వచ్చాడు. “ఏంది లొల్లి? గేటు కాడికి ఇనవడ్తుంది.” ఇద్దరి మాటా విని, గుండు దించి ఆ జాగాలో రేకు మీద గుండు బొమ్మ వేయించమన్నాడు.

“బొమ్మ బోర్డు మీద నాలుగు నెలలు సూసిన్రు సేటూ,” అన్నాను. “మళ్ల బొమ్మే సూపిస్తె పిల్లలు మన మొఖం సూడరు. ఆ లాలాపేట మాస్టారైతె ఇడిసిపెట్టడు.”

“మాస్టారుకు నేను జెప్పుకుంట. రేపు పదింటికి గేటు తెరుసుడే,” అని సేటు ఒక స్టూలు లాక్కుని అక్కడే కూర్చున్నాడు. ఏదో ఒకటి తేలేదాకా లేవనన్నట్టు.

ఎల్లమ్మ ఒక పక్కన బకెట్లకు అంటిన సిమెంటు గీకుతోంది. జనగామ వైపు మనిషి. తల ఎత్తకుండానే అంది, “మీరు కొట్లాడుతున్రు గని, గుండు బండకు గిట్ల అతికిచ్చినట్టు యాడనన్న ఉంటదా? మా ఊరి గుండు సిన్న సిన్న రాళ్ల మీద కూసుంటది. కిందికెల్లి ఎండ గొడ్తది. మేక పిల్లలు గూడ దూరిపోతయి.”

“మరి తొమ్మిది దినాలు నాతోని ఎందుకు పూడ్సినవే?” అన్నాను.

“నువ్వు మిస్త్రీవి. పూడ్సమన్నవ్, పూడ్సిన.”

యాదగిరి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. బిస్కెట్ల డబ్బా తెప్పించి, స్వర్ణ చీటీ వెతికి తీసి, వేలు పెట్టి నాలుగో అంకె గట్టిగా చదివాను. గుండు కింద సందు ఉండాలి, సందులోంచి ఆకాశం కనపడాలి.

యాదగిరి గుండు కిందికి పోయి చేత్తో కొలిచాడు. “జానెడు పైకి లేపితె గేజు పోతది. జానెడు సందు గూడ వస్తది. నాచారం షెడ్డుల ఇయ్యాలనే నాలుగు ఇనుప పీటలు కొట్టిస్త. కాళ్ల కింద పెట్టి బోల్టులు బిగిద్దం. గని నీ అతుకు పలగ్గొట్టాలె, రూతక్కా.”

“పలగ్గొట్టు.”

“నన్ను కొట్టమంటవా, నువ్వే కొడ్తవా?”

ఉలి నేనే తీసుకున్నాను. తొమ్మిది రోజుల పని పొద్దుగూకేలోపు ఊడి వచ్చింది. సేటు స్టూలు వదిలి లేచి గేటు వైపు పోయాడు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. అతుకు కనపడకుండా చెయ్యడం మన చేతి నేర్పు. చూడ్డానికి వచ్చేవాళ్లు దాన్ని అడగరు. వాళ్లు నిజంగా చూసినదాన్ని అడుగుతారు, కాబట్టి వాళ్లు రాసిన చీటీ చివరి దాకా చదవాలి. కొలత ఒట్టి గూటికి పెట్టకూడదు, అన్ని పొరలూ ఆరాక పెట్టాలి. గేజు పట్టుకున్నవాడు మొండివాడైతే మంచిది. యాదగిరి ఆ సాయంత్రం నా ముఖం చూసి సంతకం పెట్టి ఉంటే నాకేం మిగిలేదో నాకు తెలుసు. ప్రార్థనలో నేను చెప్పే స్తోత్రాల్లో అతని పేరు ఇప్పటికీ ఉంటుంది. అతనికి ఆ సంగతి చెప్పలేదు.

మరునాడు పొద్దున ఆరింటికి చైను పుల్లీ కట్టారు. నాలుగు బోల్టులు వదులు చేసి, గుండును లేపి, పీటలు పెట్టి బిగించారు. యాదగిరి గుండు మీద ఇసుక బస్తాలు వేయించి గంటసేపు ఉంచి, కాళ్లు చూసి, బస్తాలు దింపించాడు. పీటలు కనపడకుండా ఎల్లమ్మా నేనూ చిన్న రాళ్లు పేర్చి, అవి కదలకుండా సిమెంటు పాలలో ముంచిన గోనె ముక్కలు దూర్చాం. ఎక్కడ ఎలా పెట్టాలో ఎల్లమ్మ చెప్పింది. గేజు మూడుసార్లు తిరిగింది. గీత పడలేదు. యాదగిరి రిజిస్టరులో సంతకం పెట్టాడు.

పదింటికి గేటు తెరిచారు. మాస్టారు, ఆయన భార్య, స్వర్ణ మొదటి బండిలోనే ఎక్కారు. బండి గుహలోంచి బయటికి వచ్చి గుండు కిందికి పోయేటప్పుడు పిల్ల రెండు చేతులూ పూర్తిగా పైకి లేపింది. వేళ్లు గుండుకు తగల్లేదు. “తాతా, సందు! ఆకాశం గూడ ఉంది!” అని అరిచింది. ముసలామె కళ్లు మూసుకుని కడ్డీ పట్టుకుంది. మాస్టారు తల వెనక్కి తిప్పి, బండి మలుపు తిరిగేదాకా గుండునే చూశారు.

బండి రెండో చుట్టు మొదలుపెట్టింది. మిగిలిన గోనె సంచులు సిమెంటు గట్టిపడకముందే కడగాలి. నేనూ ఎల్లమ్మా నల్లా దగ్గరికి పోయాం.