తాడుకి రెండో కొస

దెయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ఆఫీసులో లంచ్ టైములో ఎవరైనా "మా అద్దింట్లో ఒకసారి ఏమైందంటే" అని మొదలుపెడితే, ప్లేటు పట్టుకుని పక్క టేబుల్‌కి పోయే రకం నేను. మా అమ్మ దిష్టి తీస్తానన్నా విసుక్కునేవాణ్ణి. అలాంటివాణ్ణి ఇప్పుడు కూర్చుని ఇది రాస్తున్నానంటే నా మీద నాకే చిరాగ్గా ఉంది. నమ్మమని ఎవర్నీ బతిమాలను. జరిగింది జరిగినట్టు చెప్తాను, అంతే.

మాది రాజమండ్రి. సింగపూర్ వచ్చి పదకొండేళ్ళు. ఆంగ్ మో కియోలో అద్దెకుంటాను, బ్యాంకు సాఫ్ట్‌వేర్ పని. నాకు కోపం కాస్త ఎక్కువ, ఓపిక కాస్త తక్కువ. ఈ ముక్క ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే ఇదంతా దానివల్లే మొదలైంది.

నాకు స్కూబా డైవింగ్ నేర్పింది అప్పలస్వామి అంకుల్. ఆయన పుట్టింది మలేషియాలో, పెరాక్ వైపు ఒక తోటలో. వాళ్ళ తాతగారు విజయనగరం దగ్గర్నుంచి కూలికి వెళ్ళారట. అంకుల్ పనికోసం ఇటు వచ్చి, ఓడల కిందికి దిగి అడుగు గీకి శుభ్రం చేసే డైవర్‌గా ముప్పై ఏళ్ళు చేశారు. ఇప్పుడు ఆంటీతో బుకిట్ బటోక్‌లో ఉంటారు. తెలుగు గడగడా మాట్లాడతారు గాని ఒక్క అక్షరం చదవలేరు. మధ్యలో అరవం, మలయ్ మాటలు పడతాయి, చివర్లో ఒక "లా" ఉండాల్సిందే. ఒక ఉగాది భోజనాల దగ్గర పరిచయమయ్యారు. పులిహోర వడ్డిస్తూ "నీళ్ళంటే భయమేటి నీకు?" అని అడిగారు. నా పౌరుషం పొడుచుకొచ్చింది. ఆ వచ్చే ఆదివారమే ఆయన వెంట పడవెక్కాను.

మేము దిగేది పులావ్ హంటు దగ్గర. మలయ్‌లో ఆ పేరుకి దెయ్యాల దీవి అని అర్థం. పేరుకే గాని, అక్కడ జనం టెంట్లు వేసుకుని పిల్లలతో పిక్నిక్ చేస్తారు, భయపడాల్సింది దోమలకి మాత్రమే. ఒక్కటే ఇబ్బంది, నీళ్ళు. కొన్ని రోజులు చెయ్యి చాపితే వేళ్ళు కనపడవు. స్కూబాలో ఎవరూ ఒంటరిగా దిగరు, పక్కన ఒక జోడీ ఉండాలి. ఆ మురికిలో జోడీ తప్పిపోకుండా అంకుల్ ఓడల పని నాటి పద్ధతే వాడేవారు. రెండు మూరల తాడు, రెండు కొసలకీ రెండు ఉచ్చులు. ఒకటి ఆయన మణికట్టుకి, ఒకటి నా మణికట్టుకి.

రెండుసార్లు లాగితే "బాగున్నావా?" అని. జవాబుగా రెండుసార్లు లాగితే "బాగున్నా". మూడు లాగితే "పైకి పద". ఒకవేళ విడిపోతే, ఒక్క నిమిషం వెతకాలి, కనపడకపోతే ఎవరికి వాళ్ళు పైకి వచ్చేయాలి. ఈ నియమం ఆయన నాచేత అప్పజెప్పించుకునేవారు, ఎక్కాల్లాగా.

నాలుగేళ్ళ కిందట ఒక ఆదివారం. కొత్త కెమెరా కొన్నాను. అడుగున ఒక సీహార్స్ కనపడింది. దానికి ఫోటో తీద్దామని నేను ఊపిరి బిగపట్టుకుంటుంటే చేతికి రెండు లాగుళ్ళు. జవాబిచ్చాను. మళ్ళీ సర్దుకున్నాను. మళ్ళీ రెండు. చిన్నపిల్లాడినా నేను? ఒళ్ళు మండిపోయింది. ఉచ్చు వదులు చేసి చెయ్యి బయటికి లాగేసుకున్నాను.

ఫోటో తీసి తల తిప్పేసరికి తాడూ లేదు, అంకులూ లేరు. నియమం ప్రకారం ఒక నిమిషం వెతికి పైకొచ్చేశాను. పడవలో కూర్చుని, ఆయన కూడా వచ్చేస్తారని చూస్తున్నాను. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. పడవాయన సిగరెట్టు పారేసి లేచి నిలబడ్డాడు. నా పై ప్రాణం పైనే పోయింది. ఇరవై నిమిషాలు దాటాక అంకుల్ పైకి తేలారు. ట్యాంకులో గాలి మొత్తం అయిపోయి, చివరికి ఆగకుండా ఒక్కసారిగా వచ్చేశారు. అలా రాకూడదు. లోతులో ఒంట్లో చేరిన గాలి మెల్లిగా బయటికి పోవాలి, లేకపోతే బుడగలై నరాల్ని పాడుచేస్తుంది.

ఆయన్ని పడవలోకి లాగుతూ నేను అన్న మొదటి మాట, "తాడు ఊడిపోయింది అంకుల్". అబద్ధం. ఆయన నా మొహం చూశారు, తన చేతికి వేలాడుతున్న తాడు చూసుకున్నారు.

సాయంత్రానికి ఆయన కుడిచెయ్యి తిమ్మిరెక్కింది. ఆస్పత్రిలో ప్రెషర్ గదిలో పెట్టారు. ప్రాణానికి భయం లేదన్నారు గాని రెండు వేళ్ళకి స్పర్శ తిరిగి రాలేదు. ఇంక నీళ్ళలోకి దిగొద్దన్నారు. ముప్పై ఏళ్ళు నీళ్ళలోనే బతికిన మనిషి టీవీ ముందు కూర్చుండిపోయారు. ఆంటీ నాతో, "మీ అంకుల్ ఎప్పుడు చూడు తాడు ముక్క పట్టుకొని ముడులేసుకుంటన్నారయ్యా. తన ముడే జారిందని బెంగ" అన్నారు. అయినా నిజం చెప్పలేదు. చెప్పడానికి మొహం చెల్లలేదు.

ఒక్కటి మాత్రం అర్థమయ్యేది కాదు. ఒక్క నిమిషం నియమం నా చేత అప్పజెప్పించుకున్న మనిషి, తనే ఇరవై నిమిషాలు ఎందుకుండిపోయారు? నా మీద ప్రేమ అనుకున్నాను. అనుకున్నకొద్దీ సిగ్గేసేది.

కిందటేడు ఉద్యోగం మారాను. మధ్యలో ఆరు వారాలు ఖాళీ. వీపున ఒక బ్యాగు వేసుకుని ఎప్పట్నుంచో అనుకుంటున్న కరీబియన్ సముద్రానికి బయల్దేరాను. హోండురాస్ దేశం పక్కన ఉటీలా అని చిన్న దీవి. నాలాంటి బ్యాగు మనుషులు తక్కువ ఖర్చులో డైవింగ్ చేసుకునే చోటు. వెళ్ళేముందు బుకిట్ బటోక్ వెళ్ళాను. ఈసారైనా చెప్పేద్దామని. చెప్పలేకపోయాను. అంకుల్ లోపలికెళ్ళి కొత్త నారింజ రంగు తాడు తెచ్చి నా చేతిలో పెట్టారు. స్పర్శ లేని వేళ్ళతోనే వేసిన ముడులు.

"అక్కడ నీళ్ళు అద్దంలా ఉంటాయంకుల్, ఇదెందుకు?" అన్నాను.

"నీళ్ళని నమ్ముతావేటి లా. కట్టుకో" అన్నారు.

అద్దంలాగే ఉన్నాయి నీళ్ళు. పడవ మీంచే అడుగు కనిపిస్తుంది. మా గైడు ఒక పొడుగాటి ఆసామి, ఆ దీవివాడే. నా జోడీగా ఒక జర్మన్ అమ్మాయిని వేశాడు. నా చేతికున్న తాడు చూసి, కుక్కని ఎక్కడ మర్చిపోయావని నవ్వారు అందరూ. నేనూ నవ్వాను. కాని తియ్యలేదు. ఒకసారి తీసినవాణ్ణి కదా. ఒక కొస నా మణికట్టుకి ఉంది, మిగతాది చేతికి చుట్టుకున్నాను.

నాలుగో రోజు ఉదయం. సముద్రం లోపల నిలువు గోడలా దిగిపోయే చోటు. ఇరవై ఐదు మీటర్లు దాటొద్దన్నాడు గైడు. ఒక తాబేలు కిందికి పోతోంది, నేను కెమెరాలోంచి చూస్తూ దాని వెనకాలే పోయాను. చేతికి కట్టుకున్న డైవ్ కంప్యూటర్ కీచుమంటోంది, పట్టించుకోలేదు. తర్వాత చూస్తే ముప్పై ఎనిమిది మీటర్లు. ఆ లోతులో మత్తు ఎక్కుతుంది, మనసు తేలిపోతుంది. దాన్ని నేను కాదనను. చదివేవాళ్ళు అదే కారణమనుకుంటే గొడవే లేదు.

అప్పుడు చేతికి రెండు లాగుళ్ళు.

అలవాటుగా రెండు లాగాను. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను, అంకుల్ పక్కనే ఉన్నట్టు. మళ్ళీ రెండు వచ్చాయి, మళ్ళీ ఇచ్చాను. అప్పుడు తల తిప్పి చూశాను. చేతికి చుట్టుకున్న తాడు విడిపోయి, నిటారుగా బిగిసి, నీలంలోకి అడ్డంగా చాచుకుని ఉంది. ఆ చివర ఉచ్చు గుండ్రంగా ఉంది. అందులో ఏమీ లేదు.

ఒక్క తన్నులో పైకి పోవాలనిపించింది. ఆ తర్వాత నాకు గుర్తున్నది, గైడు నా భుజం పట్టుకుని కుదపడం. మధ్యలో ఏమీ గుర్తులేదు.

నాకు గుర్తులేనివి కంప్యూటర్‌లో ఉన్నాయి. ముప్పై ఎనిమిది మీటర్ల నుంచి ఐదు మీటర్ల దాకా స్కేలు పెట్టి గీసినట్టు ఒకే వేగంతో వచ్చాను. అంత నెమ్మదిగా, అంత సమంగా నేను ఎప్పుడూ పైకి రాలేదు. అంకుల్ వస్తారు అలా. ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగితే చాలు. నేను పద్నాలుగు నిమిషాలున్నాను. గైడు వచ్చేసరికి గాలి ముల్లు ఎర్ర గీత కిందికి పోయింది.

పడవలో గైడు నన్ను చెడామడా తిట్టాడు. తిట్టడం అయ్యాక, "కాని అంతసేపు ఆగబట్టే నీ ఒళ్ళు బాగుంది" అన్నాడు. ఆ తర్వాత ఇంకో మాట అడిగాడు. "నేను వచ్చేసరికి నీ కుడిచెయ్యి కదులుతూ ఉంది, రెండుసార్లు లాగుతున్నావు, ఆగుతున్నావు, మళ్ళీ రెండుసార్లు లాగుతున్నావు, ఎవరితో మాట్లాడుతున్నావు?"

జర్మన్ అమ్మాయి పైనుంచి తీసిన వీడియో నా ఫోన్లో ఉంది. ఏడు సెకన్లు. నేను చిన్నగా కనిపిస్తాను, నారింజ తాడు అడ్డంగా బిగిసి కనిపిస్తుంది. నీటి ప్రవాహం అనుకోవచ్చు. కాని నా బుడగలు, గోడ మీద నాచు, అన్నీ ఒక వైపుకి ఊగుతుంటే తాడు రెండో వైపుకి ఉంది. ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఆ రోజు పడవలో తాడు చేతిలోకి తీసుకుంటే, రెండో కొసన ఉచ్చు బిగుసుకుని ఉంది. నా చెయ్యి దూరలేదు. ముడి సడలించబోతే రాలేదు.

సింగపూర్ వచ్చిన మర్నాడే బుకిట్ బటోక్ వెళ్ళాను. మధ్యాహ్నం, ఆంటీ వంటింట్లో చేపలు వేయిస్తున్నారు. కూర్చోకుండానే చెప్పేశాను. "ఆ రోజు మీ ముడి జారలేదంకుల్. తాడు నేనే తీసేశాను. నా తలపొగరు. మీ చెయ్యి నావల్లే పోయింది." ఏడుపొచ్చేసింది. పెద్దవాణ్ణయ్యాక ఒకళ్ళ ముందు అలా ఏడవడం అదే మొదలు.

అంకుల్ టీవీ ఆపారు.

"తెల్దేటి నాకు? ముడి నేనేసింది. అది జారదు. పైకొచ్చి నీ మొహం చూసినప్పుడే తెలిసింది, తీసీసినావని."

"మరి ఒక్క నిమిషం వెతికి రమ్మని నాకు చెప్పి, మీరు ఎందుకు ఉండిపోయారంకుల్?"

"నేనెక్కడ వెతికినాను? వెతకడమెందుకు, నువ్వు తాడు మీదే ఉన్నావు గదా. రెండు లాగితే రెండు లాగినావు. ప్రతిసారీ. ఒకోసారి నువ్వే ముందు లాగితే నేను జవాబిచ్చినాను. మూడు లాగితే మాత్రం రాలేదు. ఏ రాతిలోనో ఇరుక్కున్నావనుకున్నాను." ఆయన రిమోట్ పక్కన పెట్టారు. "నిన్నొదిలీసి ఎలాగొస్తానురా?"

బ్యాగులోంచి నారింజ తాడు తీసి టేబుల్ మీద పెట్టి, ఉటీలాలో జరిగింది చెప్పాను. తాడు అడ్డంగా బిగిసిందని, ఆ చివర ఏమీ లేదని, కంప్యూటర్ సంగతి. నా చెయ్యి కదిలిన సంగతి మాత్రం ఇంకా చెప్పలేదు.

అంకుల్ లేచి, అల్మరా పైనుంచి పాత మైలో డబ్బా దించారు. అందులో ఆ రోజటి తాడు. నాలుగేళ్ళుగా దాచుకున్నారు. రెండో కొస చూపించారు. బిగుసుకుని ఉంది. రెండు తాళ్ళూ పక్కపక్కన పెట్టారు. రెండు ఉచ్చులూ సరిగ్గా ఒకే కొలత.

"అది నాది కాదు, నీది కాదు" అన్నారు. అప్పుడు కుడి మణికట్టు నిమురుకుంటూ చెప్పారు. వేళ్ళకి స్పర్శ లేకపోయినా, అప్పుడప్పుడు ఆ మణికట్టు దగ్గర రెండుసార్లు లాగినట్టవుతుందట. డాక్టర్ నరం అన్నాడట. "నరమే అయ్యుంటది లా. కాని నేను జవాబిచ్చినాను గదా ఆ రోజు, ఇరవై నిమిషాలు. అందుకే ఇడిసిపెట్టట్లేదేమో అనిపిస్తాది." నా కళ్ళలోకి చూశారు. ఆయన భయపడగా నేను ఎప్పుడూ చూడలేదు. "నువ్వు జవాబిచ్చినావా, శ్రీనూ?"

"లేదంకుల్" అన్నాను. "ఒక్కసారి కూడా లేదు."

ఆయన భుజాలు దిగాయి. "హమ్మయ్య. అయితే పర్లేదు లా. మకాన్ చేసి వెళ్ళు" అని, భోజనం వడ్డించమని ఆంటీని కేకేశారు. నా పళ్ళెంలో చేప ముక్కలు ఆయనే వేశారు, ఎడమచేత్తో. తిన్నాను.

ఒక అబద్ధం దింపుకుందామని వెళ్ళి ఇంకొకటి ఎత్తుకుని వచ్చాను. ఆ తాడు చివర ఉన్నది నన్ను కాపాడిందో, గాలి అయిపోయేదాకా ఆపిందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. మత్తు, ప్రవాహం, నరం, ఒక్కొక్కదానికి ఒక్కో కారణం చెప్పుకోగలను. ఒకే కొలతలో ఉన్న ఆ రెండు ఉచ్చులకి చెప్పుకోలేను. ఇంతవరకూ నా మణికట్టుకి ఏమీ కాలేదు. రోజూ చూసుకుంటూనే ఉన్నాను.

ఆ పద్నాలుగు నిమిషాలూ నేను జవాబిస్తూనే ఉన్నాను. ఈ మాట అంకుల్‌తో చెప్పలేను. ఆయనకి తెలుగు చదవడం రాదు కాబట్టి ఇక్కడ రాశాను.